నల్లవాటి లెక్క

రోజూ పొద్దున పదింటికి నర్సు గాజుపెట్టె తలుపు తీసి, బిడ్డకు చుట్టిన గుడ్డలన్నీ విప్పి తూకం మిషన్ మీద పడుకోబెట్టేది. నెలలు నిండకుండా పుట్టిన ఆ పిల్లను వార్డంతా పిడికెడు అని పిలిచేది. బరువు రాసుకున్నాక నర్సు పిల్లను నాయనమ్మ చేతుల్లో పెట్టేది. నాయనమ్మ క్షణంసేపు కళ్ళు మూసుకుని, పిల్ల ఒంట్లో పరమాణువులు నిన్నటికంటే ఎన్ని పెరిగాయో చెప్పేది. నర్సు ఆ సంఖ్యను పక్క గడిలో ఎక్కించేది. ఆవిడ పుట్టింటివైపు ఆడవాళ్ళకు మోకాళ్ళ నొప్పుల్లాగే ఈ లెక్కా తరతరాలుగా వస్తోంది.

ఆవిడ బడి మొహం చూడలేదు. బొగ్గులో ఉండేవి ఆవిడకు నల్లవి, అన్నిటికన్నా తేలికైనవి చిన్నవి, నిప్పును మండించేవి పెద్దవి. కోడలు, అంటే పిల్ల తల్లి, హైస్కూల్లో రసాయనశాస్త్రం టీచరు. పన్నెండింటిని డజను అన్నట్టే, ఆరు వెనక ఇరవైమూడు సున్నాలంత గుంపును మోల్ అంటారనీ, నల్లవి ఒక మోల్ ఉంటే పన్నెండు గ్రాములు తూగుతాయనీ ఏటా నూటయాభై మందికి నూరిపోసిన మనిషి. అత్తగారు చెప్పిన సంఖ్యను గ్రాముల్లోకి మార్చి చూసుకోవడం ఆవిడ పని. నల్లవి పెరిగితే కండ పట్టినట్టు. ముప్పై ఏడు రోజులుగా ఆ లెక్కే ఆవిడను నిలబెట్టింది.

పద్దెనిమిది వందల గ్రాములు దాటితే ఇంటికి పంపిస్తామన్నారు. ముప్పై ఎనిమిదో రోజున పిడికెడు ఒక్కసారిగా అరవై గ్రాములు పెరిగింది.

"చూశారా మేడమ్, మీ అమ్మాయి దూకేసింది! పద్దెనిమిది వందల ఐదు. డిశ్చార్జి కాగితం రాయించుకొస్తా," అంటూ పిల్లను నాయనమ్మ చేతుల్లో పెట్టి నర్సు పరిగెత్తింది.

పిల్ల తండ్రి కింద బండి తెచ్చి నిలబెట్టాడు, అప్పుడే రెండుసార్లు ఫోన్ చేశాడు. టీచరుకు కాళ్ళు నేల మీద నిలవడం లేదు. సంచీలో బట్టలు కుక్కుతూ, ఎప్పుడూ లేనిది, లెక్క అడగడం మరిచిపోయింది.

"అమ్మాయ్, నల్లవి నిన్న ఎన్నో ఇవాళా అన్నే," అంది అత్తగారు.

"పోనీలెండి అత్తయ్యా, మిగతావి పెరిగాయిగా."

"పెరిగాయి. పెద్దవి రెండు వెనక ఇరవైనాలుగు సున్నాలు. చిన్నవి సరిగ్గా దానికి రెట్టింపు."

టీచరు చేతులు ఆగిపోయాయి. ఒక పెద్దదానికి రెండు చిన్నవి అంటే ఏమిటో ఆఖరి బెంచీలో నిద్రపోయేవాణ్ణి లేపి అడిగినా చెప్తాడు. నీళ్ళు.

మందుల అట్టపెట్టె చించి దాని మీద లెక్క వేసింది. రెండు వెనక ఇరవైనాలుగు సున్నాలంటే మూడు పాయింట్ మూడు రెండు మోల్స్. నీళ్ళు మోల్‌కు పద్దెనిమిది గ్రాములు. గుణిస్తే అరవైకి రవ్వంత తక్కువ. మళ్ళీ వేసింది. తన లెక్క తప్పవ్వాలని జన్మలో మొదటిసారి కోరుకుంది. మూడోసారీ అరవయ్యే వచ్చింది. పిల్ల పెరగలేదు, ఉబ్బింది.

ఫోన్ మళ్ళీ మోగింది. ఆ అట్టముక్క చెత్తబుట్టలో పడేస్తే సాయంత్రానికల్లా సొంత మంచం మీద పిల్లను పక్కలో వేసుకుని పడుకోవచ్చు. అత్తగారు లెక్క చెప్తుందే గానీ సలహా చెప్పే మనిషి కాదు. టీచరుకు ఇంటికి వెళ్ళాలని ఎంత ఉందంటే, ఆ ముక్కను మడిచి పిడికిట్లో నలిపేసింది కూడా. తర్వాత దాన్నే సాపు చేసుకుని డాక్టరు గదికి వెళ్ళింది.

డాక్టరమ్మ అట్టముక్కను అటూ ఇటూ తిప్పి చూసింది.

"మోల్స్ అంటే నాకు కాలేజీ రోజుల్నుంచీ దడ. లెక్క కరెక్టేనా?"

"మూడుసార్లు వేశానండీ."

"అయితే పదండి."

పిల్ల పాదం మీద బొటనవేలితో నొక్కింది. వేలు తీసినా గుంట అలాగే ఉండిపోయింది. గుండె చాలాసేపు విన్నది.

"గుండె రక్తాన్ని సరిగ్గా నెట్టలేకపోతోంది. నీరంతా ఒంట్లోనే ఆగిపోతోంది. మందుతో దారికి తేవచ్చు. ఇవాళ ఇంటికి వెళ్ళిపోయి ఉంటే మాత్రం..." అని ఆపేసి, డిశ్చార్జి కాగితాన్ని రెండుగా చింపింది.

మందు మొదలుపెట్టారు. మర్నాడు ఇరవై గ్రాములు తగ్గింది, ఆ మర్నాడు ముప్పై. రెండు రోజులూ నల్లవి కదల్లేదు. వేలు నొక్కితే పాదం మీద పడే గుంట మాత్రం లోతు తగ్గుతూ వచ్చింది. నలభై ఒకటో రోజున మిషన్ మీద అంకె చూసి నర్సు మొహం తిప్పుకుంది.

"మరో పాతిక పోయింది మేడమ్. మొత్తం డెబ్బై ఐదు," అని గొణిగింది.

అత్తగారు పిల్లను అందుకుని కళ్ళు మూసుకుంది. ఈసారి కాస్త ఎక్కువసేపే పట్టింది.

"నల్లవి పెరిగాయే అమ్మాయ్. ఒకటి వెనక ఇరవైమూడు సున్నాలు."

మోల్‌లో ఆరో వంతు. పన్నెండులో ఆరో వంతు. దానికి కాగితం కూడా అక్కర్లేదు. నలభై రోజులుగా ఎవరి ముందూ కన్నీటిచుక్క రాల్చని టీచరు నర్సు చెయ్యి పట్టుకుని భోరుమంది.

"రెండు గ్రాములు సిస్టర్! నీళ్ళు కాదు, పిల్లే పెరిగింది. రాసుకోండి, రెండు గ్రాములు."