సగంలో ఆగిన మాట

అత్తగారు పత్రికలోని అక్షరాల చక్రాన్ని కత్తెరతో శుభ్రంగా కత్తిరించి బల్ల మీద పెట్టింది. చుట్టూ ఏ, ఈ, ఐ, ఎన్, ఆర్, టీ అని ఆరు ఇంగ్లీషు అక్షరాలు, నడుమ జీ. ఆ ఇంట్లో ఏ తగాదా వచ్చినా ఆదివారం పొద్దున ఆ చక్రం దగ్గరే తేలేది. పెద్ద పడకగది ఎవరిది, ఫ్రిజ్ ఎక్కడ పెట్టాలి, అన్నీ అలా తేలినవే. అన్నీ అత్తగారి వైపే తేలాయి. బతుకంతా ఇంగ్లీషు టీచరుగా చేసిన మనిషి మరి.

ఈసారి తగాదా చంటిపిల్ల గురించి. కోడలికి ఆస్పత్రి క్యాజువాలిటీలో నర్సు ఉద్యోగం మళ్ళీ దొరికింది. రేపు చేరకపోతే ఇంకొకరికి ఇచ్చేస్తారు. చేరాలంటే పొద్దుటిపూట పిల్లని అత్తగారు చూసుకోవాలి.

"నేను ఆయాని కాదు. నువ్వు గెలిస్తే చూస్తాను. ఓడితే మళ్ళీ ఉద్యోగం ఊసెత్తకూడదు," అంది అత్తగారు.

"మాట మీద ఉంటారా?"

"నేను నీలాంటిదాన్ని కాదు."

ఎవరు ఓడినా తిట్లు తనకేనని తెలిసిన మొహంతో భర్త ఇసుక గడియారం పట్టుకుని మధ్యలో కూర్చున్నాడు.

మాటకి ఆరక్షరాలైనా ఉండాలి, అందులో జీ ఉండాలి, ఏ అక్షరమూ రెండుసార్లు రాకూడదు. ఒకరి తర్వాత ఒకరు చెప్పాలి. ఇసుక జారేలోగా చెప్పలేనివాళ్ళు ఓడినట్టే. అత్తగారు సొంతంగా చేర్చిన రూలు ఇంకొకటుంది: మాట ఎవరు మొదలుపెడితే వాళ్ళదే. మామగారు బతికుండగా ఆవిడ నోట్లోంచి మాట లాక్కుని పూర్తి చేసేవారట. ఆయన నోరు కట్టెయ్యడానికి పెట్టిన రూలు అది.

"ఈటింగ్," అని మొదలుపెట్టింది అత్తగారు. "నీకు బాగా తెలిసిన పనే."

"రేటింగ్. అది మీకు తెలిసిన పని. నాకెప్పుడూ సున్నాయేగా."

"టేరింగ్. చింపెయ్యడం."

"గ్రానైట్," అంది కోడలు వంటగట్టు వైపు చూసి. రోజూ తుడిచేది తనే.

"గార్నెట్. నగల్లో పొదిగే రాయి. నువ్వెక్కడ చూసుంటావులే."

"మీ బీరువా తాళం ఎప్పుడైనా ఇస్తే కదా చూడ్డానికి. ట్రియాజ్."

"అది ఇంగ్లీషు కాదు."

"క్యాజువాలిటీకి వచ్చినవాళ్ళలో ఎవర్ని ముందు చూడాలో తేల్చడం. డిక్షనరీ తియ్యండి."

భర్త పేజీలు తిప్పాడు. "ఉందమ్మా."

"నిన్నెవరు అడిగారు?" అని కొడుకుని కసిరి, "రీగెయిన్," అంటూ వెనక్కి వాలింది అత్తగారు.

ఇసుక జారుతోంది. కోడలి బుర్రలో ఏమీ మిగల్లేదు. అక్షరాలు ఎటు తిప్పినా అయిపోయిన మాటలే వస్తున్నాయి. తల ఎత్తితే అత్తగారి పెదవి చివర చిన్న నవ్వు. ఆవిడ వేలు బల్ల మీద ఊరికే ఆడుతున్నట్టు ఐ దగ్గరికి వెళ్ళి, అక్కణ్ణించి ఎన్ దగ్గరికి జరిగింది. ఆవిడ ఇంకో మాట దాచుకుని కూర్చుందన్నమాట.

సాయంత్రాలు ముందుగదిలో ట్యూషన్ సాగుతుంటే కోడలు వంటింట్లోంచి వింటూనే ఉంటుంది. చదివే పిల్ల సగం మాట దగ్గర ఆగిపోతే అత్తగారికి ప్రాణం మీదికొస్తుంది. తిడుతూనే మిగతా సగం అందించేస్తుంది. పిల్లలు అది కనిపెట్టి, రాని మాట దగ్గరల్లా ఆగి టీచరు మొహంలోకి చూస్తుంటారు.

"ఇన్..." అంది కోడలు. ఆ తర్వాత ఏముందో తనకీ తెలియదు.

అత్తగారి గడ్డం పైకి లేచింది.

"ఇన్..." అని మళ్ళీ అని, పాఠం మరిచిన పిల్లలా ఆవిడ మొహంలోకి చూసింది.

"గ్రేట్," అనేసింది అత్తగారు.

"ఇన్‌గ్రేట్. మీ వంతు," అంది కోడలు.

భర్త గడియారం తిరగేశాడు.

"అది నాది. చెప్పింది నేను."

"మొదలుపెట్టింది నేను."

"నీకు తెలిసి చచ్చిందా అసలు? అర్థం చెప్పు చూద్దాం."

"అర్థం చెప్పాలని రూలు లేదుగా అత్తయ్యా."

"ఏరా, నోట్లో బెల్లం పెట్టుకు కూర్చున్నావా?"

"రూలు నువ్వు పెట్టిందేనమ్మా," అన్నాడు భర్త ఇసుక గడియారం మీంచి కళ్ళెత్తకుండా. "ఇసుక కూడా అయిపోయింది."

అత్తగారు కాగితాన్ని నలిపి ఉండ చేసింది.

"ఇంతకీ దాని అర్థమేమిటత్తయ్యా?"

"చేసిన మేలు మరిచిపోయే మనిషి. ఆఖర్న నీ మొహాన కొడదామని దాచుకున్నాను."

"ముట్టింది," అంది కోడలు.

లోపల పిల్ల లేచి గుక్కపట్టింది. కోడలు అలవాటుగా లేవబోయింది.

"కూర్చో. రేపట్నుంచి నా ప్రాణానికేగా ఏడ్చేది," అంటూ అత్తగారు కుర్చీ వెనక్కి తోసి నడిచింది. గుమ్మం దగ్గర ఆగి, "ఇదే నయం. తల్లిలా సగంలో ఆపి చావదు," అంది.

కోడలు తన బీరువా అడుగు అరలోంచి తెల్ల యూనిఫాం తీసి, ఇస్త్రీపెట్టె స్విచ్ వేసింది.