ఇంటిల్లిపాదీ ఒక్కరే

నేను ఒక వి.సి.ఆర్.ని. ఒకప్పుడు ఈ మూడక్షరాలు చెబితే వీధిలో తలుపులన్నీ తెరుచుకునేవి. ఇప్పుడు చెబితే ఇది ఏ పార్టీ పేరని పిల్లలు అడుగుతున్నారు. కాకినాడ మెయిన్‌రోడ్డు వెనక సందులో ఒక రిపేరు షాపు ఉంది. అందులో పై అరలో, తిరగని టేబుల్ ఫ్యానుకీ మోగని రేడియోకీ మధ్య కూర్చుని ఉన్నాను. నన్ను బాగుచేస్తారని కాదు, నాలో ఇంకా పనికొచ్చే స్క్రూలు ఉన్నాయని ఉంచారు. ఫ్యానుకి మాటలు రావు. రేడియోకి మోగినన్నాళ్ళూ వాగడమే గాని వినడం రాలేదు. అందుకని మీతో చెప్పుకుంటున్నాను.

నా పుట్టుక సముద్రాల అవతల. తెల్లటోపీలు పెట్టుకున్న ఆడపిల్లలు బారుగా కూర్చున్న ఫ్యాక్టరీలో ఒకమ్మాయి నాకు పళ్ళచక్రాలు బిగించింది, ఒకమ్మాయి వైర్లు అతికింది, ఇంకో అమ్మాయి మూత వేసి వీపు తట్టి పంపించేసింది. అంతమంది తల్లులున్నా ఒక్కరి మొహమూ గుర్తు లేదు. అక్కణ్ణుంచి కువైట్ చేరాను. అక్కడ వంటపని చేసే కాట్రేనికోన గోవిందరాజు నన్ను కొని, కంబళిలో చుట్టి, దారి పొడుగునా ఒళ్ళో పెట్టుకుని ఊరికి తెచ్చాడు. తెచ్చాక గుర్తొచ్చింది, వాళ్ళింటికి ఇంకా కరెంటు రాలేదని. వీధిలోవాళ్ళంతా వచ్చి నన్ను చేత్తో తడిమి వెళ్ళారు. నెల తిరక్కుండా కాకినాడ తీసుకొచ్చి జిలానీగారి వీడియో లైబ్రరీకి అమ్మేశాడు.

అక్కడ నాది కిరాయి బతుకు. పెళ్ళిళ్ళకీ, ఓణీల ఫంక్షన్లకీ, వినాయకచవితి పందిళ్ళకీ టీవీ పక్కన రిక్షా ఎక్కి వెళ్ళేదాన్ని. ఒక్కో రాత్రికి నాలుగు సినిమాలు మాట్లాడుకునేవారు. మొదటిదానికి కుర్చీల కోసం కొట్టుకునేవారు, రెండోదానికి చాపలు పరిచేవారు, మూడోదానికి గురకలు మొదలయ్యేవి. నాలుగోది చెవిటివాడి ముందు శంఖం ఊదడమే. అయినా ఆపబోతే ఎవరో ఒకరు నిద్రలోంచే ఆడనివ్వమనేవారు. మనుషులు కొన్నదాన్ని అనుభవించకపోయినా ఊరుకుంటారు గాని వదులుకోమంటే ఊరుకోరు.

కొత్త మోడళ్ళు వచ్చాక నన్ను కిరాయికి అడిగేవాళ్ళు తగ్గారు. అప్పుడే హైమవతిగారు నన్ను కొనుక్కున్నారు.

ఆమె టెలిఫోన్ ఎక్స్‌ఛేంజిలో ఆపరేటరు. పొద్దస్తమానం ఎవరినో ఎవరితోనో కలిపే ఉద్యోగం. రామారావుపేటలో మేడ మీద రెండు గదుల్లో ఒక్కరే ఉండేవారు. నలభైకి దగ్గర పడ్డారు, పెళ్ళి కాలేదు. ఎందుకు కాలేదో నాకు తెలియదు, నా ఎదుట ఎవరూ ఆ మాట ఎత్తలేదు. అసలు నా ఎదుట కూర్చుని మాట్లాడడానికి ఎవరైనా వస్తేగా. డ్యూటీ దిగి వచ్చి, అన్నం కంచంలో పెట్టుకుని, చిన్నపిల్లలు చూసే సినిమాలు పెట్టుకునేవారు. బొమ్మల సినిమాలు, పిల్లల సినిమాలు, తాతలూ మనవలూ ఉండే పాత నలుపు తెలుపు సినిమాలు. దొంగలూ తుపాకులూ తిప్పి తిప్పి అరిగిపోయిన నాకు అది కాశీకి పోయినంత సుఖంగా ఉండేది.

ఒకసారి తల్లి నుంచి తప్పిపోయిన ఏనుగుపిల్ల బొమ్మల సినిమా చూసి, దాని మీద నాలుగు ముక్కలు రాసి మా ఊరి వారపత్రిక ‘తీరవాణి’కి పంపించారు. సంపాదకులు అవధానులుగారు మెచ్చుకున్నారు గాని ఒక సవరణ చెప్పారు. పెళ్ళికాని మనిషి పిల్లల సినిమా చూసి నవ్వానంటే చదివేవాళ్ళకి నమ్మకం కుదరదట. మా పిల్లలు నవ్వారని రాస్తే అది సమీక్ష అవుతుందట. నా తెలివికి అందని సంగతి ఇది. నవ్వు ఒకరిదైతే అబద్ధం, నలుగురిదైతే అభిప్రాయం.

హైమవతిగారు ఒక ఆదివారం పొద్దంతా ఆలోచించి, సాయంత్రానికి ‘మా చిన్నది’ అని రాశారు. చిన్నది వచ్చాక దానికో అన్న కావాల్సివచ్చాడు. ఇద్దరు పిల్లలకి తండ్రి లేకపోతే బాగుండదు గనక ‘మావారు’ కూడా వచ్చారు. ఆలూ లేదు చూలూ లేదు, కొడుకు పేరు సోమలింగం అన్నట్టు, వారం తిరిగేసరికి నిండు సంసారం. అది వారం వారం వచ్చే శీర్షిక అయింది, పేరు ‘ఇంటిల్లిపాదీ’.

నవ్వకండి. మొదట్లో నేనూ నవ్వుకున్నాను. కాని ఆ శీర్షిక నిజంగా బాగుండేది. వీడియో లైబ్రరీకి వెళ్ళే ప్రతి తల్లీ అది చదివి వెళ్ళేది. అందులో ‘మావారు’ ఏ సినిమా పెట్టినా సగంలో నిద్రపోయేవారు, చివరిదాకా మేలుకున్నారంటే ఆ సినిమాకి అంతకు మించిన పొగడ్త లేదు. పెద్దాడు అన్నిటికీ తప్పులు పట్టేవాడు. పడవకి తెడ్డు ఎడమవైపున ఉంటే మలుపులో కుడివైపుకి ఎలా వచ్చిందనేవాడు. చిన్నది, దాని పేరు చిట్టి, ఐదేళ్ళది. దానికి చీకటంటే భయం, జంతువు ఏడిస్తే తనూ ఏడ్చేది. చిట్టి ఎక్కడ కళ్ళు మూసుకుందో చదివి, ఊళ్ళో తల్లులు అక్కడ టేపు ముందుకి తోసేవారు. ‘ఏడుపు ఉంది గాని, అన్నం మానేసేంత కాదు’ అని ఒక సినిమాకి రాశారు. ‘ఈ కాపీలో అడవి ఏ రంగో తెలియదు, చివరిపాట సగమే ఉంది, జిలానీగారు మంచి కాపీ తెప్పిస్తే పుణ్యం’ అని ఇంకోదానికి రాశారు. జిలానీగారు తెప్పించారు కూడా. మరోచోట ఇలా రాశారు: ‘హాల్లో పక్కవాళ్ళు నవ్వితే మనకీ నవ్వొస్తుంది. ఇంట్లో నవ్వాలంటే సినిమాకే ఆ సత్తా ఉండాలి.’ ఈ వాక్యం ఎంత ఒంటరి మనిషి రాసిందో చదివినవాళ్ళెవరికీ తట్టలేదు.

కొన్నాళ్ళకి ఆ సంసారం కాగితం మీద నుంచి గదిలోకి వచ్చేసింది. టేపు నాలో పెట్టి, పెద్దాడా కాస్త జరుగు అనేవారు. భయపడే ఘట్టం వస్తుంటే నన్ను ఆపి, చిట్టీ కళ్ళు మూసుకో అనేవారు. తర్వాత తనే కళ్ళు మూసుకునేవారు. ఎక్కడ ఏడుపు వచ్చినా, వచ్చేది ఆమెకే. ఆ ఏడుపుని మర్నాడు పొద్దున్న చిట్టి పేరన రాసేవారు. నిజం చెప్పొద్దూ, నాకూ అలవాటైపోయింది. ఎదురుగా నలుగురున్నారనుకుని ఆడేదాన్ని. ఒంటరితనం అంటురోగమని అప్పుడు తెలియదు.

అయితే ఒక పొరపాటు జరిగింది. కన్నవాళ్ళెవరూ చెయ్యని పొరపాటు. చిట్టికి ఏళ్ళు వచ్చేవి కావు. పిల్లలున్న ఇంట్లో ఏడాది తిరిగేసరికి గౌన్లు పొట్టివవుతాయి, చెప్పులు పట్టవు, బడిలో తరగతి మారుతుంది. హైమవతిగారి ఇంట్లో పొట్టిదయ్యే గౌను లేదు. ఎన్ని సంక్రాంతులు వెళ్ళినా చిట్టి ఐదేళ్ళ దగ్గరే ఉండిపోయింది.

టేపులు తిరిగి ఇవ్వడానికి వెళ్ళినప్పుడు జిలానీగారు ఈ మాట అన్నారట. ఎవరో తల్లీకూతుళ్ళు వచ్చి చిట్టికి ఇప్పుడు ఎన్నేళ్ళని అడుగుతున్నారు, మీ ఇంటి గుర్తులు కూడా అడిగారు, నేను చెప్పాను అన్నారట. ఆ సాయంత్రం హైమవతిగారు నన్ను ఆన్ చేసి, ఏ టేపూ పెట్టకుండా, నా ఎర్రదీపం వైపు చూస్తూ కూర్చున్నారు. తర్వాత కలం తీసి చిట్టికి ఎనిమిదేళ్ళని రాసి చూశారు. కొట్టేశారు. పదేళ్ళని రాశారు. అదీ కొట్టేశారు. నాకు ఆమె బాధ అర్థమైంది. పదేళ్ళొచ్చిన పిల్ల చీకటికి భయపడదు, ఏనుగుపిల్ల కోసం ఏడవదు, అమ్మ పక్కన కూర్చుని బొమ్మల సినిమా చూడదు. పెంచితే చిట్టి వెళ్ళిపోతుంది. పెంచకపోతే అబద్ధం బయటపడి శీర్షిక పోతుంది, శీర్షికతోపాటు చిట్టీ పోతుంది. ఎటు చూసినా ఈ గదిలో నేనూ ఆవిడే మిగులుతాం.

మర్నాడు ఆదివారం. పొద్దున్నే తలుపు కొట్టారు. వాకిట్లో ఒక ఇల్లాలు, పక్కన పదకొండేళ్ళ పిల్ల. జగన్నాథపురం నుంచి వచ్చామని చెప్పింది. ఆమె పేరు సత్యవేణి, కూతురు హారిక. రెండు చేతులూ ఖాళీగా ఉన్నాయి. మొదటిసారి ఒకరింటికి వస్తూ పండో కాయో తేకుండా రావడం కాకినాడ మర్యాద కాదు. హైమవతిగారు కుర్చీలు వేశారు. సత్యవేణి కుర్చీలో కూర్చోలేదు, కింద చాప మీద కూర్చుంది. మంచినీళ్ళిస్తే వద్దని చెయ్యి ఊపింది. గదంతా ఒకసారి చూసింది. మగచెప్పులు లేవు, బడిసంచి లేదు. ఆమె మొహంలో జాలి ఇంకా పెరిగింది.

సత్యవేణే మొదలుపెట్టింది.

“మా హారికా, మీ చిట్టీ ఒక ఈడువాళ్ళండి. మీరు రాసినప్పుడల్లా మా పిల్లకి చదివి వినిపించేదాన్నండి. ఇది ఆరో తరగతికొచ్చేసిందండి. మీ చిట్టి మాత్రం ఐదేళ్ళ దగ్గరే ఉండిపోయింది. మా ఆయన పత్రికవాళ్ళ పొరపాటన్నారండి. కన్నతల్లి బిడ్డ వయసు పొరపాటుగా రాయదు కదండీ. అప్పుడర్థమైందండి నాకు. ఇన్నాళ్ళూ పలకరించడానికి రాలేకపోయాను, ఏమనుకోకండి.”

అది పరామర్శ. చిట్టి ఐదో ఏట పోయిందనీ, ఆ తల్లి ఒప్పుకోలేక ఇంకా రాస్తోందనీ ఆమె అనుకుంది. సినిమాలు వేలల్లో చూపించాను. ఇలాంటి మలుపు ఒక్కదానిలోనూ చూడలేదు.

హైమవతిగారు తలవంచుకుంటే సరిపోయేది. రెండు కన్నీటిబొట్లు రాలిస్తే ఆ మాట ఊరంతా పాకి, శీర్షికకి ఇంకా పేరొచ్చేది. ఎవరూ ఇంకెప్పుడూ వయసు అడిగేవారు కాదు. నేను నిజంగా అదే కోరుకున్నాను. తల వంచుకో తల్లీ, మన చిట్టి మనకుంటుంది అని నా లోపలి చక్రాలన్నీ మొత్తుకున్నాయి. ఆమె మాత్రం వచ్చి సత్యవేణి ఎదురుగా నేల మీద కూర్చున్నారు.

“చిట్టి పోలేదమ్మా. పోవడానికి అది పుట్టనే లేదు. నాకు పెళ్ళి కాలేదు. ఈ ఇంట్లో నేనొక్కదాన్నే ఉంటాను.”

సత్యవేణి మొహం మొదట ఎర్రబడింది, తర్వాత పాలిపోయింది. కోపం వచ్చే ఉంటుంది. ఇన్నేళ్ళు తన కూతురి పక్కన ఊహించుకున్న పిల్ల ఒక్క మాటతో మాయమైతే ఎవరికి రాదు? అప్పుడు హారిక అడిగింది.

“మరి ఏనుగుపిల్ల సినిమాలో ఏడ్చిందెవరండీ?”

“నేనేనమ్మా” అన్నారు హైమవతిగారు. అంటూనే ఏడ్చేశారు. అన్నేళ్ళలో ఆమె టీవీ ఆన్‌లో లేనప్పుడు ఏడవడం నేను చూడడం అదే మొదలు. ఒకరి ఎదుట ఏడవడం కూడా అదే మొదలు. సత్యవేణి కాసేపు చూసి, దగ్గరికి జరిగి, ఆమె చెయ్యి తన చేతిలోకి తీసుకుంది. ఏడుపు తగ్గేదాకా ఆ చెయ్యి వదల్లేదు.

తర్వాత ఇద్దరూ లేచారు. మన వైపు ఎవరింటి నుంచి కదిలినా వెళ్ళొస్తామని చెప్పి కదలడం మర్యాద, ఒక్క చావింట్లో తప్ప. పోయినవాళ్ళని పలకరించడానికి వెళ్ళినవాళ్ళు మళ్ళీ వస్తామని అనకూడదు గనక చెప్పకుండా లేచి వెళ్ళిపోతారు. ఇది నాకూ తెలుసు, మీకూ తెలుసు, ఆ చిన్నపిల్లకి తెలియదు. గుమ్మం దగ్గర ఆగి, అలవాటుకొద్దీ చేతులు జోడించి “వెళ్ళొస్తామం...” అంటుండగా తల్లి దాని నోటి మీద చెయ్యి పెట్టింది.

“ఇక్కడ అలా అనకూడదమ్మా” అంది మెల్లగా.

వెనక్కి చూడకుండా ఇద్దరూ మెట్లు దిగిపోయారు.

హైమవతిగారు గుమ్మంలో చాలాసేపు నిలబడ్డారు. లోపలికి వచ్చి టీవీ మీదా నా మీదా ఒక పాత చీర కప్పారు. ఆ చీకట్లోంచే మిగతాది విన్నాను. ఫోను తీసి అవధానులుగారి నంబరు తిప్పారు. గొంతు స్థిరంగానే ఉంది. ఇంట్లో మైల వచ్చిందనీ, పది రోజులు ఏమీ రాయలేననీ చెప్పారు. ఎవరు పోయారమ్మా అని ఆయన అడిగి ఉంటారు.

“మా చిన్నదండి” అన్నారు.

ఆ చిన్నదాన్ని పుట్టించమన్న పెద్దమనిషి ఆయనే. ఆమె ఫోను పెట్టేసి, తలస్నానానికి నీళ్ళు తోడుకున్నారు.