ఊరేగింపు తప్పిన బాకా

నేను ఒక ఇత్తడి బాకాను. చిన్నది కాదు, పసిపిల్లను ఎత్తుకున్నట్టు ఎత్తుకుని వాయించే పెద్ద బాకాను. నా అసలు పేరు యుఫోనియం. ఆ పేరుతో నన్ను పిలిచినవాళ్ళు తాడేపల్లిగూడెంలో ఇంతవరకూ లేరు. నాలోంచి సంగీతం వస్తుందని జనం అనుకుంటారు. వస్తుంది, కాదనను. కానీ నాలోకి పోయేది చాలావరకు ఉమ్మి. దాన్ని వదలడానికి కింద ఒక చిన్న మీట కూడా పెట్టారు. నన్ను చేసినవాళ్ళకు మనుషుల సంగతి బాగా తెలుసు.

నేను పుట్టింది మీరట్‌లో. ఇత్తడి గొట్టాన్ని ఊరికే వంచితే నొక్కుకుపోతుంది. అందుకని లోపల సీసం కరిగించి పోసి, వంచి, మళ్ళీ కరిగించి కక్కిస్తారు. కడుపునిండా పోస్తేగాని ఒంగని జాతి నాది. కనుక తర్వాత నేను చేరిన మనిషిని తప్పుపట్టే అర్హత నాకు లేదు.

మొదట గూడెంలోని ఒక చర్చివారు నన్ను కొన్నారు. కీబోర్డు వచ్చాక నన్ను విరిగిన బెంచీల గదిలో పెట్టి, కొన్నాళ్ళకు దేవసహాయానికి ఇచ్చేశారు. చర్చిలో నన్ను వాయించినవాడు అతనే. అతను నన్ను తీసుకుని ఇమ్మానియేలు మాస్టారి బ్యాండులో చేరాడు. అంతవరకూ దేవుణ్ణి స్తుతించాను, ఆ తర్వాత పెళ్ళికొడుకుల్ని స్తుతించాను. పనిలో పెద్ద తేడా కనిపించలేదు.

దేవసహాయం మంచి పనివాడు. అతని ఊపిరి వెచ్చగా, నిండుగా వచ్చేది. ఆ ఊపిరికి వాసన చేరింది ఊరేగింపుల్లోనే. పెళ్ళివారు బ్యాండువాళ్ళకు అన్నం పెట్టడం మరిచిపోతారేమో గాని, జనరేటరు బండి వెనక్కి పిలిచి గ్లాసు ఇవ్వడం మరిచిపోరు. కొన్నేళ్ళకు గ్లాసు చాలలేదు. క్వార్టరు సీసాను గుడ్డలో చుట్టి నా వెడల్పాటి నోట్లో దాచుకోవడం మొదలుపెట్టాడు. నా గొంతు జలుబు చేసినట్టు మారింది. బాకా పాతబడిందని మాస్టారు జాలిపడేవాడు.

మానేస్తానని ఒట్లు చాలా పెట్టాడు. బైబిలు మీద, భార్య ఎస్తేరు తల మీద, ఒకసారి తొందరలో నా మీద కూడా. ఒట్లన్నీ గట్టివే. సాయంత్రాలే బలహీనమైనవి.

చివరికి ఒక పెళ్ళి ఊరేగింపు ఎడమకు తిరిగితే దేవసహాయం తిన్నగా వెళ్ళాడు. ఒక్కడే, వాయించుకుంటూ. రైల్వే గేటు పడి ఉంది. గూడ్సు బండి ఆఖరి పెట్టె దాటేదాకా వాయించి, ఎదురుసన్నాహం ఘనంగా చేశారని గేటుమనిషికి దణ్ణం పెట్టాడు. మర్నాడు మాస్టారు ఇంటికొచ్చాడు.

“నీ ఊరేగింపు వేరు, మా ఊరేగింపు వేరు. ఇంక కుదరదురా దేవసాయం” అన్నాడు. బ్యాండు ఎర్రకోటు మాత్రం వెనక్కి అడగలేదు.

ఎస్తేరు మునిసిపల్ బళ్ళో ఆయా. ప్రతి ఆదివారం సాయంత్రం ఆ బళ్ళో ఒక గది తాళం తీసేది. ఎవరో కొందరు వచ్చి, గుండ్రంగా కూర్చుని, మాట్లాడుకుని వెళ్ళిపోయేవారు. వాళ్ళెవరో ఆమె వరండాలోంచి వినగా వినగా తెలుసుకుంది. ఇంటికొచ్చి మొగుడితో ఇలా చెప్పింది:

“మా బళ్ళో ఆదివారం మీటింగు ఉందంట. బాకా వాయించేవాళ్ళు కావాలన్నారు.”

దేవసహాయం గడ్డం గీసుకున్నాడు. జరీ అంచు ఎర్రకోటు ఇస్త్రీ చేయించి తొడుక్కున్నాడు. నన్ను చింతపండు పెట్టి తోమాడు. ధైర్యానికి సీసా నా నోట్లో పెట్టుకుని బయల్దేరాడు.

గదిలో ఏడెనిమిదిమంది ఉన్నారు. ఒకటో తరగతి పిల్లల బెంచీలవి, అందరి మోకాళ్ళూ గడ్డాలకు తగులుతున్నాయి. నెరిసిన మీసాల పెద్దమనిషి చెయ్యి ఊపి కూర్చోమన్నాడు. ఆయన కోటిలింగం, ఆర్టీసీలో కండక్టరుగా చేసి రిటైరయ్యాడు.

“నా పేరు కోటిలింగం. నేను తాగుబోతుని. ఈరోజు తాగలేదు” అన్నాడు, ఇంటి చిరునామా చెప్పినంత మామూలుగా. పక్కన నేత చీర కట్టుకున్నావిడ, “వసుంధర. లెక్కల టీచర్ని. నేనూ అంతే” అంది. అలా వరస దేవసహాయం దాకా వచ్చింది. అతనికి విషయం అర్థమైంది. కిటికీలోంచి ఎస్తేరు వైపు చూశాడు. ఆమె చెట్టు వైపు చూస్తోంది.

“నేను... బాకా వాయించడానికొచ్చానండి.”

“శుభం. వాయించండి” అన్నాడు కోటిలింగం.

దేవసహాయం నన్ను ఎత్తి ఊదాడు. నాలోంచి దగ్గులాంటిది వచ్చింది. గట్టిగా ఊదుతూ నన్ను కాస్త వంచాడు. గుడ్డ జారింది, సీసా జారింది, సిమెంటు గచ్చు మీద దొర్లుకుంటూ వెళ్ళి టీచరు చెప్పు దగ్గర ఆగింది. పగల్లేదు. ఆ చప్పుడు ఏమిటో ఆ గదిలో తెలియనివాళ్ళు లేరు.

ఎవరూ నవ్వలేదు. వసుంధర టీచరు సీసా తీసి బల్ల మీద నిలబెట్టింది.

“నేను చింతపండు జాడీలో దాచేదాన్ని. మా కోడలు పులుసు పెట్టదుగా అని ధీమా. ఓ రోజు పెట్టింది.”

“నేను బండి సీటు కింద” అన్నాడు ఒకాయన.

“నేను టిక్కెట్ల సంచిలో. ఓసారి ప్రయాణికుడికి చిల్లరకు బదులు మూత ఇచ్చాను” అన్నాడు కోటిలింగం. అప్పుడు నవ్వారు. దేవసహాయం కూడా నవ్వాడు, తర్వాత ఎందుకో కళ్ళు తుడుచుకున్నాడు.

వెళ్ళేముందు సీసా వైపు చూస్తూ నిలబడ్డాడు. “మీదే కదా, కావాలంటే తీసుకెళ్ళండి. వచ్చే ఆదివారం మాత్రం రండి” అన్నాడు కోటిలింగం. దేవసహాయం తీసుకెళ్ళాడు. ఇంటికి చేరకముందే తాగేశాడు. ఇక్కడే మారిపోయాడని చెబితే కథకు బాగుండేది, కానీ ఆ సీసా వాసన నా నోట్లోనే ఉంది.

ఎస్తేరు అరవలేదు. బట్టలు సంచిలో పెట్టుకుంది.

“నీ కోసం ఒక అబద్ధం ఆడాను. రెండోది నా చేత కాదు. నిడదవోలు మా అక్క దగ్గరుంటా” అంది. రోజూ అక్కడినుంచి రైల్లో బడికి వచ్చి పోయేది. ఆదివారం కూడా వచ్చి ఆ గది తాళం తీసేది. దేవసహాయం వస్తే పలకరించేది కాదు. వరండాలో కూర్చునేది.

అతను వస్తూనే ఉన్నాడు. కొన్నిసార్లు తాగి వచ్చి మూల కూర్చున్నాడు. ఒకనాడు తాగకుండా వస్తే చేతులు వణికి నన్ను పట్టుకోలేకపోయాడు, ఒళ్ళంతా చెమటలు. “ఇది మొండితనంతో అయ్యే పని కాదు, ఒక్కసారిగా ఆపితే ప్రాణం మీదికొస్తుంది” అని కోటిలింగం ఆటో ఎక్కించి పెద్దాసుపత్రిలో చేర్పించాడు. నన్ను కూడా ఆటోలోనే వేశారు. వార్డులో నన్ను మంచం కింద పెడితే నర్సు ఉమ్ముగిన్నె అనుకుంది. పూర్తిగా పొరబాటు అనలేను.

తిరిగొచ్చాక ఒక ఆదివారం దేవసహాయం నన్ను ఒళ్ళో పెట్టుకుని తనంతట తాను నోరు విప్పాడు.

“మా అమ్మ పోయినప్పుడు శవప్పెట్టె ముందు నేనే వాయించానంటండి. ఈదంతా ఏడ్చారంట. అంత బాగా ఎప్పుడూ వాయించలేదని మా మాస్టారు ఇప్పటికీ అంటాడు. నాకు ఒక్క ముక్క గుర్తు లేదండి. అమ్మకి మట్టి ఏశానో లేదో తెలీదు. ఎవర్నన్నా అడుగుదామంటే సిగ్గండి.”

నాకు తెలుసు. వేశాడు. కుడిచేతిలో నేను ఉన్నాను కనుక ఎడమచేత్తో వేశాడు. ఆ మాట చెప్పాలంటే నాకు ఊపిరి కావాలి. ఆ ఊపిరి అతని దగ్గరే ఉంది.

గదిలో ఎవరూ ఓదార్చలేదు. అక్కడ అది పద్ధతి కాదు. వరండాలోంచి ఎస్తేరు గొంతు వినిపించింది. మీటింగు మధ్యలో ఆమె మాట్లాడడం అదే మొదలు.

“ఏశావు. నేను పక్కనే ఉన్నాను. మూడుసార్లేశావు.”

దేవసహాయం తల నా మీద ఆనించాడు. నా ఇత్తడి తడిసింది. ఈసారి ఉమ్మితో కాదు.

పెళ్ళిళ్ళ కాలం వచ్చింది. పెద్ద బాకా వాయించేవాడు దొరక్క మాస్టారు మళ్ళీ కబురు పెట్టాడు. మొదటి పెళ్ళి ఊరేగింపులో పెళ్ళికొడుకు బావ జనరేటరు బండి వెనక్కి పిలిచి, “గొంతు తడుపుకో బాసూ” అని గ్లాసు చేతిలో పెట్టి వెళ్ళిపోయాడు. దేవసహాయం ఆ గ్లాసు పట్టుకుని నిలబడ్డాడు. అవతల మాస్టారు పిలుస్తున్నాడు. నన్ను చంకలో ఇరికించుకుని రెండో చేత్తో ఫోను తీశాడు.

“టీచరుగారండీ, గ్లాసు చేతిలో ఉందండి.”

“ఏ చేతిలో?” అంది వసుంధర టీచరు.

“కుడి చేతిలోనండి.”

“బాకా మీటలు ఏ చేత్తో నొక్కుతావు?”

“దాంతోనేనండి.”

“అయితే రెండింట్లో ఒకటే కుదురుతుంది. ఫోను కట్ చెయ్యకుండా జేబులో వేసుకో. నేను వింటూ ఉంటాను.”

అతను గ్లాసును జనరేటరు మీద పెట్టాడు. అది అదురుకి జరిగి జరిగి దానంతట అదే కింద పడింది. ఎర్రకోటు జేబులో ఫోను, దాన్ని ఆనుకుని నేను. వీధి వీధంతా, మంటపం దాకా వాయించాం. అక్కడ నన్ను దించి, భయంభయంగా ఫోను తీశాడు.

“టీచరుగారండీ, ఉన్నారా?”

“ఉన్నాను. ఒక చెవి పోయింది. రెండోదానికి మార్చుకున్నాను.”

ఎస్తేరు సంచి తిరిగి వచ్చింది. నమ్మకం వచ్చిందా అని అక్క అడిగితే, “రైలు టైముకి రావట్లేదు” అందట.

వేసవి సెలవుల్లో ఒక మధ్యాహ్నం ఫోను మోగింది. వసుంధర టీచరు.

“ఇంట్లో ఎవరూ లేరు. బడి కూడా లేదు. జాడీ వైపే చూపు పోతోంది. ఏదో ఒకటి వాయించు” అంది.

అతను ఒట్లు వేయించలేదు, నీతులు చెప్పలేదు. ఫోను గడప మీద పెట్టి, చొక్కా అయినా వేసుకోకుండా, పెళ్ళి ఊరేగింపు పాటలు మొదటినుంచి ఎత్తుకున్నాడు. ఎదురింటివాళ్ళు బయటికొచ్చి ఎవరి పెళ్ళని అడిగారు.

“ఎవరిదీ కాదు. కాస్త సేపు పడుతుంది, ఏమనుకోకండి” అంది ఎస్తేరు.

ఊపిరి అందక అతను ఆగినప్పుడల్లా ఆమె మంచినీళ్ళు అందించింది. ఎండ గడప దాటాక ఫోనులోంచి గొంతు వచ్చింది.

“చాలయ్యా దేవసహాయం. టీ పెట్టుకుంటాను.”

“పెట్టుకోండి టీచరుగారూ” అన్నాడు అతను. అవతల స్టవ్వు వెలిగిన చప్పుడు వినిపించేదాకా ఫోను పెట్టలేదు.