తెల్లవారితే శనివారం

నేను ఒక శుభలేఖను. పెళ్లయిపోయాక నాలాంటివాటికి పని ఉండదని మీరనుకుంటారు. నా విషయంలో అది తిరగబడింది. పెళ్లయ్యాకే నా మీద విచారణ మొదలైంది.

పుట్టింది సామర్లకోటలో, స్టేషను దగ్గరున్న ఓ ప్రింటింగు ప్రెస్సులో. నాలుగు వందల మందిమి ఒక్క పూటలో పుట్టాం. పైన వినాయకుడు, కింద రెండు పేర్లు. వరుడు భీమేశ్వర్, ఐటీఐలో ఫిట్టర్ ట్రేడు మాస్టారు. వధువు హైమావతి, పదకొండేళ్లుగా పరాయిదేశంలో నర్సు. ఇద్దరికీ ముప్ఫై ఎనిమిదేళ్లు. ఇద్దరూ పెళ్లి సంగతి ఎప్పుడో మర్చిపోయి, ఒక చుట్టాలావిడ పట్టుదల వల్ల మళ్లీ గుర్తు తెచ్చుకున్నవాళ్లు.

ప్రూఫు చూడ్డానికి పెళ్లికొడుకే వచ్చాడు. కంపోజింగు చేసే గవర్రాజు ఒక చోట వేలు పెట్టి ఆగాడు. అక్కడ ఇలా ఉంది: మే 12, శుక్రవారం రాత్రి గం. 2-36 ని.లకు (తెల్లవారితే శనివారం).

"ఈ బ్రాకెట్టు తీసేయమంటారా మాస్టారూ? లైను కిందకి జారిపోతోంది."

"ఉంచండి," అన్నాడు భీమేశ్వర్. "తీసేస్తే మా పెదనాన్నగారు గురువారం రాత్రే వచ్చి కూర్చుంటారు. తాళం వేసిన కల్యాణమండపం ముందు."

ఇద్దరూ నవ్వుకున్నారు. బ్రాకెట్టు ఉండిపోయింది.

ఇక్కడి లెక్క మీకు కొత్త కాదు. సూర్యుడు వచ్చేదాకా శుక్రవారం శుక్రవారమే. గడియారం పన్నెండు కొట్టినా పంచాంగం ఒప్పుకోదు. కాని పంచాంగం చెల్లని చోట్లు కూడా ఉన్నాయి. ఆ సంగతి నాకు తర్వాత తెలిసింది.

నాలుగు మూలలా పసుపు రాశారు. మూడు వందల తొంభై మంది ఊళ్లు పట్టుకు పోయారు. నేను మిగిలిపోయిన పదిమందిలో ఒకణ్ణి. పెళ్లి జరిగింది. ఆ మరుసటి వారం నన్ను రిజిస్ట్రారు ఆఫీసుకు తీసుకెళ్లారు, పెళ్లికి రుజువుగా. గుమస్తా నన్ను చూసి, బ్రాకెట్టు దాకా చదవకుండా, 12 అని రాసుకున్నాడు. సర్టిఫికెట్టు మీద అదే పడింది. నన్నూ దాన్నీ కలిపి నీలం రంగు ప్లాస్టిక్ ఫైలులో పెట్టారు. పంతొమ్మిది రోజులు కాపురం చేసి హైమ విమానం ఎక్కింది. ఫైలు భీమేశ్వర్ దగ్గర ఉండిపోయింది.

ఆ దేశం పేరు చెప్పను. ఫైలు లోపలి నుంచి చూస్తే అన్ని దేశాలూ ఒకటే.

కాకినాడలో వీసాలు చూసే సోమరాజుగారు ఉన్నారు. ఆయన బల్ల మీద నన్ను పరిచి, రెండు దారులు చెప్పారు. మొదటిది, ఇక్కడినుంచే భర్త వీసాకు పెట్టుకోవడం. ఏడాదిన్నర పట్టొచ్చు, అంతకుమించీ పట్టొచ్చు. అంతవరకు ఆవిడ అక్కడ, ఈయన ఇక్కడ. రెండోది, చుట్టపుచూపు వీసా మీద వెళ్లిపోయి, అక్కడ దిగాక భర్త వీసాకు పెట్టుకోవడం. ఎన్నాళ్లు పట్టినా కలిసి ఉండొచ్చు. కాకపోతే చుట్టపుచూపు ఫారంలో మూడు నెలల్లో తిరిగి వచ్చేస్తానని సంతకం చెయ్యాలి.

"రానని తెలిసీ వస్తానని రాయాలా?" అని అడిగాడు భీమేశ్వర్.

"నేను రాయమన్లేదండి," అన్నారు రాజుగారు. "దారి ఉందని చెప్పాను, అంతే. దొరికితే మాత్రం మళ్లీ ఎప్పుడూ నమ్మరు."

హైమకు రెండో దారే కావాలి. కారణం ఉంది. అక్కడి డాక్టరు ఆమెను పరీక్ష చేసి, పిల్లలు కావాలంటే రెండేళ్లే గడువు అని చెప్పింది. రెండేళ్లలో ఏడాదిన్నర ఎదురుచూపుకే పోతే, మిగిలేది ఎంత? ఆమె ఫోనులో ఈ లెక్కే మూడు రకాలుగా చెప్పింది. అతను మూడుసార్లూ ఒకే జవాబు చెప్పాడు. పదిహేనేళ్లు పిల్లలకు కొలత తప్పకూడదని చెప్పినవాణ్ణి, మొదటి సంతకమే అబద్ధం పెట్టలేనన్నాడు. పోనీ నువ్వే వచ్చెయ్యకూడదా అన్నాడు. వచ్చేస్తే కాకినాడ ఆసుపత్రిలో ఇరవై ఏళ్ల పిల్లల పక్కన మొదటి మెట్టు మీద నిలబడాలని, అందుకేనా పదకొండేళ్లు నిలదొక్కుకున్నదని ఆమె అంది.

చివరికి ఒకే మాట అంది. "మీ నిజాయితీ కోసం నా వయసు ఆగదండీ."

ఫోను పెట్టేసింది. మర్నాడు ఒక్క లైను మెసేజి పంపింది: మీ ఇష్టప్రకారమే కానివ్వండి.

మనుషులు అంగీకరించడంలో నాకు అర్థం కానిది ఇదే. ఒప్పుకున్నాక మాట్లాడుకోవడం మానేస్తారు. ఆ పై నెలంతా వాళ్లు తిన్నావా, తిన్నాను దాటి పోలేదు. సరిగ్గా ఆ నెలలోనే ఫారాలు నింపాలి. అతని భాగం ఇక్కడ అతను నింపాడు. ఆమె భాగం అక్కడ ఆమె నింపింది. ఒకరిది ఒకరికి చూపించుకోలేదు.

వివాహ తేదీ దగ్గర అతను 12 అని రాశాడు. సర్టిఫికెట్టు మీద ఉన్నది అదే, నా మీద ఉన్నదీ అదే.

ఆమె 13 అని రాసింది. ఆమె తప్పు కాదు. పదకొండేళ్లుగా నైట్ డ్యూటీలు చేసిన మనిషి. పన్నెండు దాటాక వేసిన మందుకు పాత తేదీ రాస్తే ఆమె ఉద్యోగం పోతుంది. తాళి పడింది రెండు గంటల ముప్ఫై ఆరుకు. ఆమె చెయ్యి అలవాటుగా 13 రాసింది.

నేను ఫైలులోనే ఉన్నాను. బ్రాకెట్టు నా ఒంటి మీదే ఉంది. కాగితానికి నోరుంటే ఈ కథ ఇక్కడే ఆగిపోయేది.

పద్నాలుగు నెలలు ఏమీ జరగలేదు. పదిహేనో నెలలో ఒక ఆఫీసరు ఫోన్లు చేశాడు. ముందు అతనికి, పావుగంట తర్వాత ఆమెకు. ఆమె ఏ షాంపూ వాడుతుంది, అతనికి ఏ కూర పడదు, ఇలాంటివి. పంతొమ్మిది రోజుల కాపురంలో ఎన్ని తెలుస్తాయి? సగానికి తెలియదన్నారు. ఆఖరున పెళ్లి ఏ రోజు జరిగిందని అడిగాడు.

శుక్రవారం అన్నాడు అతను.

శనివారం అంది ఆమె.

ఇద్దరూ నిజమే చెప్పారు. వారం తిరక్కుండా ఉత్తరం వచ్చింది, ఇరవై ఎనిమిది రోజుల్లో సంజాయిషీ ఇమ్మని. ఆ సాయంత్రం వాళ్లిద్దరూ ఏడాది తర్వాత మొదటిసారి నవ్వుకున్నారు. "ఇంతకీ మనకి పెళ్లి ఎప్పుడయిందండీ?" అని ఆమె అడిగింది. నీకు శనివారం, నాకు శుక్రవారం, నాకు ఒకరోజు ఎక్కువ అనుభవం అన్నాడు అతను. ఫైలులో నాక్కూడా కాస్త గాలి ఆడినట్టయింది.

పురోహితుడు సూర్యోదయం లెక్క వివరిస్తూ ఒక కాగితం రాసిచ్చాడు. నన్ను ఇంగ్లీషులోకి మార్చడానికి ఒక అనువాదకుడి దగ్గర పెట్టారు. కోర్టు కాగితాల్లో తలపండిన పెద్దమనిషి. ఒక్క అక్షరం వదలనని పేరు. బ్రాకెట్టు దగ్గర ఆగి, కళ్లజోడు తుడుచుకుని, మాటకు మాట దించాడు. ఆ ఇంగ్లీషును మళ్లీ తెలుగులో చెబితే ఇలా ఉంటుంది: ఒకవేళ తెల్లవారిన పక్షంలో, శనివారం.

భీమేశ్వర్‌కు కొలతలు తెలిసినంతగా ఇంగ్లీషు తెలియదు. రాజుగారు సీలు ఉందో లేదో చూశారు, వాక్యం చూడలేదు. అది అలాగే వెళ్లింది. తెల్లవారడం మీద అనుమానం ఉన్న పెళ్లిని ఎవరు నమ్ముతారు?

తిరస్కరించారు. కారణాలు అర పేజీ. కలిసి ఉన్నది పంతొమ్మిది రోజులే. ఒకరి గురించి ఒకరికి తెలిసినది తక్కువ. వివాహ తేదీపై పొంతన లేదు, ఇచ్చిన వివరణ స్పష్టంగా లేదు.

రాజుగారు మళ్లీ నన్ను బల్ల మీద పరిచారు. మళ్లీ రెండు దారులే. కొత్తగా పెట్టుకోవచ్చు, ఇంకో ఏడాదిన్నర. చుట్టపుచూపు వీసా అడగొచ్చు, కాని ఇంతకుముందు తిరస్కరించారా అన్న గడిలో అవును అని రాయాలి. రాశాక ఇవ్వరు. "అప్పుడే వెళ్లుంటే బాగుండేదండి," అని ఆయన అనబోయి, సగంలో ఆపి, ఫ్యాను స్పీడు పెంచారు.

భీమేశ్వర్ ఆ రోజు సెలవు పెట్టాడు. అరవై కొత్త ఫొటోలు, రెండేళ్ల ఫోను లెక్కల చిట్టా, కొత్త అనువాదం, అన్నీ ఒక జాబితా రాసుకున్నాడు. ఈసారి తేదీలు ఇద్దరం పక్కపక్కన పెట్టుకుని నింపుదాం అని చెప్పడానికి ఆమెకు ఫోను చేశాడు. నేను అతని ఒళ్లోనే ఉన్నాను. ఆమె గొంతు నాకు వినిపించింది.

ముందు అంతా విన్నది. తర్వాత, నిన్న డాక్టరు దగ్గరకు వెళ్లొచ్చానని చెప్పింది. ఇక ప్రయత్నించవద్దని డాక్టరు అందట.

అతను జాబితా మడిచి, మళ్లీ విప్పాడు. చివరికి, "మళ్లీ వేద్దాం హైమా," అన్నాడు. "ఈసారి తప్పు రానివ్వను."

"ఎవరి కోసమండీ?"

ఆమె విసుగ్గా అనలేదు. రోగి బంధువులతో మాట్లాడినట్టు, నెమ్మదిగా అంది. డ్యూటీకి టైమయిందని చెప్పి పెట్టేసింది. ఆ తర్వాత కూడా వాళ్లు మాట్లాడుకుంటూనే ఉన్నారు, ఆదివారాలు. తిన్నావా. తిన్నాను. ఫారం మాట ఎవరూ ఎత్తలేదు. విడిపోవాలన్నా ఫారాలే నింపాలి, ఆ ఓపిక కూడా ఇద్దరిలో ఎవరికీ లేదు.

మొన్న ఒక ఆదివారం అతను ఫైలు ఖాళీ చేశాడు. కాగితాలన్నీ పాతపేపర్ల సంచిలో వేశాడు. నా దగ్గరకు వచ్చేసరికి చెయ్యి ఆగింది. నా తలమీద వినాయకుడున్నాడు కదా. దేవుణ్ణి సంచిలో వేయడానికి మనసు రాలేదు. కత్తెర తెచ్చాడు. ఫిట్టర్ మాస్టారి చెయ్యి, గీత గీసినట్టు కోశాడు. పై ముక్క గూట్లో పెట్టి దండం పెట్టుకున్నాడు. కింది ముక్కను సంచిలో వేశాడు.

కింది ముక్కను నేను. నా మీద రెండు పేర్లున్నాయి, ఒక ముహూర్తం ఉంది, ఒక బ్రాకెట్టు ఉంది. సంచి మూతి కట్టేశారు. లోపల వెలుతురు లేదు, ఏ వారమో తెలియదు.

ఆ అనువాదకుణ్ణి ఇన్నాళ్లూ తిట్టుకున్నాను. ఇప్పుడనిపిస్తోంది, ఆయన రాసిందే సరి. తెల్లవారితే, శనివారం.