చప్పుడు మింగిన బొంత

నేనొక బొంతను. పరుపును కాను, రజాయిని అసలే కాను. ఆ సంగతి ముందే చెప్పేస్తే మీకూ మర్యాద, నాకూ మర్యాద. గుడివాడ దగ్గర సువార్తమ్మ అనే మహాతల్లి తన పాత చీరలు పదకొండు పరిచి, దబ్బనంతో ఆరు నెలలు కుట్టి నన్ను తయారుచేసింది. ఆమె కొడుకు యోబు నా మీదే బోర్లాపడ్డాడు, నా మీదే పాకాడు, ఇంకా చాలా చేశాడు, అవన్నీ ఇప్పుడెందుకులెండి. పెద్దయ్యాక అతను డీజిల్ మెకానిక్ అయ్యాడు. బెజవాడ ఆటోనగర్లో రేకుల షెడ్డు వేసుకుని, కాపురంతోపాటు నన్నూ తెచ్చుకున్నాడు. ఆ ఇంట్లో నా మీద బట్టలు ఇస్త్రీ చేసేవాళ్లు. ఎవరి తొందర వాళ్లది, కాలింది మాత్రం నా వీపు.

మనుషులతో ఇదే చిక్కు. మనం కొత్తగా ఉన్నంతకాలం చుట్టాలొస్తే తప్ప బయటికి తియ్యరు. పాతబడ్డామా, ఇక దేనికి పడితే దానికి మనమే. అలాగే ఒకరోజు యోబు కూతురు బ్యూలా నన్ను చుట్టచుట్టి చంకలో పెట్టుకుని షెడ్డుకు పట్టుకెళ్లింది. లారీ తుడవడానికేమో, నా బతుకు బుగ్గిపాలైంది అనుకున్నాను.

బ్యూలాకు ఇరవై ఆరేళ్లు. కళ్లద్దాల షాపులో ఉద్యోగం. గిటారు చర్చిలో నేర్చుకుంది. ఆదివారం పొద్దున ఆరాధనలో బుద్ధిగా వాయించేది, మధ్యాహ్నం షెడ్డుకొచ్చి బుద్ధి లేకుండా వాయించేది. ఈ రెండోదాన్ని గ్యారేజి రాక్ అంటారట. వెనక ఏ కంపెనీ లేని కుర్రకారు షెడ్లలోనూ మేడ మీద గదుల్లోనూ చేరి, ఒంట్లో ఉన్న బలమంతా పెట్టి వాయించి, తామే రికార్డు చేసుకునే పాటలన్నమాట. మొదట్లో నాకు గిన్నెలు మెట్ల మీంచి దొర్లినట్టుండేది. రానురాను అలవాటైంది. నిజం చెప్పొద్దూ, ఇష్టమే అయింది.

నా పని ఆమె స్పీకరు మీద కప్పుకుని కూర్చోవడం. పక్క షెడ్ల వాళ్లు ఏమంటారో, నాన్న ఏమంటాడో అని ఆ పిల్లకు భయం. ఆ చప్పుడంతా నేను మింగి, మర్యాదగా ఉన్నంత మాత్రమే బయటికి వదిలేదాన్ని. "బొంత వేస్తే సౌండు భలే ఉంటది" అని ఆమె స్నేహితులకు చెబుతుంటే నా పదకొండు చీరలూ పొంగిపోయేవి.

ఇంతలో ఇంటర్నెట్లో నడిచే ఒక చిన్న రేడియో వాళ్లు ఆమెకు ఆదివారం మూడింటి నుంచి ఒక గంట ఇచ్చారు. ఎవరూ వెయ్యని బృందాల పాటలు వేస్తానంటే సరేనన్నారు. షరతు ఒక్కటే. ఆరు ఆదివారాల్లో ఒక్క పాటనైనా వందమంది చివరిదాకా వినాలి. వినకపోతే ఆ గంట ఊరగాయల కార్యక్రమానికి పోతుంది. బ్యూలా ఆ రోజు అన్నం తినలేదు, అంత సంతోషం. తన పాట కూడా ఒకటి, స్పీకరు మీద నన్ను కప్పే, రికార్డు చేసి ఫోన్లో దాచుకుంది. దాన్ని లోకానికి వినిపించాలన్నదే ఆమె అసలు కోరిక. ఆ సంగతి తండ్రికి తెలియదు, స్నేహితులకు తెలియదు, నాకు తెలుసు.

కార్యక్రమానికి 'గ్యారేజి గంట' అని పేరు పెట్టింది. కొంప ముంచింది ఆ పేరే.

మొదటి ఆదివారం పనిముట్ల పెట్టె మీద లాప్‌టాప్ పెట్టుకుని, దాన్ని నేను కప్పుకున్న స్పీకరుకు తగిలించి కూర్చుంది. వింటున్నది ఏడుగురని తెర మీద అంకె. ఫోను మోగింది.

"హలో, గ్యారేజీయేనా అమ్మా?"

"అవునండీ, గ్యారేజి గంటే! ఎక్కణ్ణుంచండీ?"

"గన్నవరం. మా బండి సంగతి మాట్లాడదామని."

బ్యూలా చెవికి 'బండి' కాస్తా 'బ్యాండు' అని వినపడింది. మనుషులు తాము కోరుకున్నదే వింటారు, ఏం చేస్తాం.

"అలాగా! మీ బ్యాండులో ఎంతమందండీ?"

"ఇద్దరం ఎక్కుతాం. మూడో మనిషి ఎక్కితే వంతెన ఎక్కదు."

"అబ్బ, భలే చెప్పారు! సౌండు ఎలా ఉంటది?"

"అదేనమ్మా నా బాధ. ముందు గరగరమంటది, ఆనక కీచుమంటది, ఆపితే టప్పుమని ఒకటి కొడతది."

"అచ్చం అలాంటి సౌండు కోసమే వెతుకుతున్నామండీ!"

"వెతకటమేంటమ్మా, బాగు చెయ్యరా?"

లారీ కింద పడుకుని పనిచేసుకుంటున్న యోబు ఇక ఉండలేకపోయాడు. "చైను వదులైంది బాబూ! బిగించి ఆయిలు పెట్టు!" అని అక్కణ్ణుంచే కేక వేశాడు.

"ఆ చెప్పిందెవరమ్మా? ఫోను ఆయనకియ్యి" అన్నాడు గన్నవరం పెద్దమనిషి.

అంతే. ఆ నోటా ఈ నోటా పాకిపోయింది. రెండో ఆదివారం నలభైమంది, మూడో ఆదివారం నూట అరవైమంది. ట్రాక్టర్లు, ఆటోలు, నీళ్ల మోటార్లు, ఒకాయనదైతే మిక్సీ. ఫోను ఇంజను దగ్గర పెట్టమనడం, కళ్లు మూసుకుని వినడం, లోపం చెప్పడం, ఇదీ యోబు పద్ధతి. మధ్యలో బ్యూలా పాట పెట్టిందా, అంకె జారుడుబండ ఎక్కేది. ముగ్గురు మిగిలేవాళ్లు. ఒకరు తెనాలిలో వాళ్ల పిన్ని, ఇంకొకరు ఆ పాటలో డ్రమ్ములు కొట్టినవాడు, మూడో మనిషి వాడి తల్లి.

"చెవిటివాడి ముందు శంఖం ఊదినట్టుంది నా బతుకు" అని నాలుగో ఆదివారం బ్యూలా తండ్రి మీద పడింది. "నా ప్రోగ్రాము నీ షెడ్డయిపోయింది డాడీ. ఈ పూట నోరు తెరవకు, నీకు దణ్ణం పెడతా."

"నేనేం చేశానమ్మా? అడిగినోడికి చెప్పాను" అని యోబు చిన్నబుచ్చుకుని లారీ కిందికి పోయాడు. ఆ వారం పదకొండుమంది విన్నారు. అందులో ఇద్దరు మేస్త్రీ గారికి ఒంట్లో బాగాలేదా అని అడగడానికి వచ్చినవాళ్లు. ఐదో ఆదివారం విధిలేక ఫోను మళ్లీ ఆయన చేతికే ఇచ్చింది.

ఆరో ఆదివారం వచ్చింది. ఇదే ఆఖరు. రిపేర్లు ముగిసేసరికి నూట నలభైమంది ఉన్నారు. బ్యూలా గుండె చిక్కబట్టుకుని 'తడిగుడ్డ' అనే కాకినాడ బృందం పాట పెట్టింది. పేరు విని మా జాతివాళ్లేమో అనుకుని నేను కూడా చెవులు రిక్కించాను. కాదట, కుర్రాళ్లే. అంకె మామూలుగానే జారడం మొదలైంది. నూట ఇరవై, నూట పది.

లారీ కింద యోబుకు పాట మొదలైన సంగతి తెలియదు. ఎవరో ఇంజను దగ్గర ఫోను పెట్టారనుకున్నాడు. "ఆపమ్మా, ఆపు!" అని అరిచాడు. "బండి ఎవడిదో గానీ మూడో దెబ్బ పడట్లేదు. మూడో సిలిండరు చచ్చింది!"

మైకు ఆన్‌లోనే ఉంది. బ్యూలా రెండు చేతులతో మొహం కప్పుకుంది. కానీ అంకె జారడం ఆగింది! తొంభై రెండు దగ్గర మేకు కొట్టినట్టు నిలబడింది. పోయేవాళ్లంతా ఆ మూడో సిలిండరు నిజంగా చచ్చిందో లేదో చూద్దామని ఆగిపోయారు. పాట అయిపోగానే ఫోను. కాకినాడ డ్రమ్ములబ్బాయే. "నిజమే సార్. మా మూడో డ్రమ్ము చిరిగిపోయింది, దాన్ని కొట్టట్లేదు. మీకెలా తెలిసింది సార్?"

"ఆఁ, వినపడతంది కదయ్యా" అన్నాడు యోబు.

ఇంకో పాట పెట్టింది. "ఇందులో నీళ్లు లేవు, వేడెక్కి అరుస్తంది" అన్నాడు పాడేవాణ్ణి గురించి. చివరిదాకా విన్నవాళ్లు తొంభై ఏడుగురు. ముగ్గురు తక్కువ, గంటలో మిగిలింది పది నిమిషాలు. "తర్వాతిది పేరు లేని బృందం" అని చెప్పి, బ్యూలా ఫోన్లో దాచుకున్న తన పాట పెట్టింది.

ఈసారి యోబు లారీ కింది నుంచి బయటికి వచ్చాడు. పొడుగాటి స్క్రూడ్రైవరు కొన స్పీకరుకు ఆనించి, పిడి చెవి దగ్గర పెట్టుకున్నాడు. ఇంజనుకు ప్రాణం ఎక్కడుందో మెకానిక్కులు అలాగే చూస్తారు. తెర మీద నూట ఎనిమిది. అందరూ ఆయన మాట కోసమే ఆగి ఉన్నారు.

"ఇది మంచి బండమ్మా" అన్నాడు మెల్లగా. "ఇంజన్లో దమ్ముంది. తోలేవాడికే భయం. క్లచ్చి మీంచి కాలు తియ్యట్లేదు. దానికితోడు, ఎవడో దద్దమ్మ సైలెన్సరులో గుడ్డలు కుక్కాడు."

గుడ్డలు! నన్నే! వీణ్ణి నా మీదే పాకనిచ్చానే, ఇదా విశ్వాసం అని మండిపోయాను. కానీ బ్యూలా మొహం చూస్తే నా కోపం ఎటు పోయిందో తెలియలేదు. పాట సగంలో ఉంది. ఇంకో రెండు నిమిషాలు ఊరుకుంటే వందా నిలుస్తుంది, గంటా దక్కుతుంది. ఆ పిల్ల పాట ఆపేసింది. ఓసి పిచ్చిదానా, పోనియ్యవే, ఊరగాయలొస్తాయే అని నేను అరిచాను. బొంత మాట ఎవరు వింటారు? నన్ను స్పీకరు మీంచి ఒక్క గుంజు గుంజి అవతలికి విసిరేసింది. గిటారు మెడలో వేసుకుంది.

"సారీ అండీ" అంది మైకులో. "ఆ బండి నాదే. మొదణ్ణుంచి తోలుతాను."

యోబు కూతుర్నీ గిటారునూ మార్చిమార్చి చూశాడు. తర్వాత నన్ను ఈడ్చుకుంటూ లారీ కిందికి పోయి, నన్ను పరుచుకుని, స్పానరు గుండెల మీద పెట్టుకుని పడుకున్నాడు. ఒక్క నట్టూ ముట్టుకోలేదు.

ఇక చూడండి ఆ చప్పుడు! రేకులు అదిరాయి. డబ్బాలో బోల్టులు ఎగిరాయి. పక్క షెడ్లలో వెల్డింగు ఆపి జనం గుమ్మం దగ్గరికొచ్చారు. ఇన్నాళ్లూ ఇదంతా మింగింది నేనేనా అని సిగ్గేసింది నాకు. సౌండు బాగుంటుందని అన్నారే గానీ, ఎవరికి బాగుంటుందో నేనెన్నడూ అడగలేదు.

పాట అయిపోయింది. "డాడీ, నూట పద్దెనిమిది! చివరిదాకా ఉన్నారు!" అని బ్యూలా గెంతింది. అంతలోనే గొంతు తగ్గించి, అందరూ వింటుండగానే అడిగింది. "ఏమన్నా లోపం ఉందా డాడీ?"

యోబు నా అంచుతో కళ్లు తుడుచుకున్నాడు. ఆ మసి నాకు ఇప్పటికీ వదల్లేదు.

"సరిగ్గా వినపళ్లేదమ్మా" అన్నాడు. "ఇంకోసారి వాయించు."

వినపడకపోవడమా! పాట పొడుగునా ఆయన వేళ్లు తాళం వేసింది నా మీదే కదా.