ఛీ మాస్టర్ మెచ్చిన బిస్కెట్టు

ఆ బిస్కెట్ల ఫ్యాక్టరీలో ఆయన్ని సొంత పేరుతో పిలిచే నాథుడే లేడు. అందరికీ ఆయన ఛీ మాస్టరే. ఓవెన్‌లోంచి వచ్చిన ప్రతి రకాన్నీ నమిలి, పక్కనున్న బేసిన్‌లో ఉమ్మేసి, మొహం వికారంగా పెట్టి "ఛీ" అనడం ఆయన ఉద్యోగం. ఆ ఛీ కాస్త మెత్తగా ఉంటే సరుకు ప్యాకింగ్‌కి వెళ్లొచ్చని అర్థం. గట్టిగా ఉంటే ఆ రోజు పిండి కలిపినవాడి పని అయిపోయినట్టే.

ప్యాకింగ్‌లో పనిచేసే ఆయన భార్యకి ఈ ఛీలు ఇంటి దగ్గర కూడా తప్పవు. పెళ్లయినప్పటినుంచీ ఆవిడ వండినదాన్ని బాగుందన్న పాపాన పోలేదు ఆ మహానుభావుడు. ఊడ్చిపెట్టినట్టు తినేసి, "ఏదోలే, ఆకలి కాబట్టి" అనేవాడు. ఈ నాలుకకి జీతం కూడానా అని ఆవిడకి ఒళ్లు మండేది. అయినా పిచ్చిది, వడ్డించిన ప్రతిసారీ ఆయన మొహంకేసి చూసేది.

అలాంటి మనిషికి షుగరొచ్చింది. డాక్టరమ్మ మాత్రలు రాసి, భార్య ముందే చిన్నపిల్లాడికి చెప్పినట్టు చెప్పింది. "ఈ మాత్ర వేసుకుని తిండి మానకూడదండీ. ఎప్పుడైనా మర్చిపోతే తర్వాత రెండూ కలిపి మింగకూడదు. తీపి తిన్నానని మీ అంతట మీరు ఎక్కువ వేసుకోకూడదు. చెమటలు పట్టినా, వణుకొచ్చినా, తికమకగా ఉన్నా వెంటనే చక్కెర నోట్లో వేసుకోండి. జేబులో ఎప్పుడూ ఉండాలి."

బయటికొచ్చాక మాస్టర్ నవ్విన నవ్వు చూసి తీరాలి. "బిస్కెట్ల ఫ్యాక్టరీ వాడికి జేబులో చక్కెరటే! ఈవిడకి డిగ్రీ ఎవడిచ్చాడో!"

ఇక మొదలైంది ఆయనగారి సొంత వైద్యం. క్రీము రకాలు రుచి చూసే రోజు ముందుగానే ఇంకో మాత్ర ఎక్కువ వేసుకునేవాడు. "నమిలి ఉమ్మేసేదానికి మాత్రెందుకండీ?" అని భార్య నెత్తీనోరూ కొట్టుకుంటే, "నాలుక లాగదా తీపిని? నీకేం తెలుసు, పో" అనేవాడు. పోనీ తినేసి వెళ్లమంటే అదీ కుదరదు. కడుపు నిండితే నాలుక మొద్దుబారుతుందట! రుచి చూడటం అయ్యాకే తిండి. ఎంత తెలివి! ఆ తెలివిని ఇంత బెల్లంతో కలిపి కుక్కకి పెట్టినా ముట్టదు.

ఆ రోజు కొత్త చాక్లెట్ క్రీము బిస్కెట్టు. మాస్టర్ పొద్దున్నే ఖాళీ కడుపుతో రెండు మాత్రలూ మింగి వచ్చాడు. వచ్చేసరికి ఓవెన్ బెల్టు ఇరుక్కుపోయి ఉంది. మెకానిక్ దాని కింద దూరి ఎంతకీ బయటికి రాడు. మధ్యాహ్నం గంట కొట్టాక భార్య రుచుల గదిలోకి తొంగి చూసింది. తను కట్టిచ్చిన డబ్బా మూతైనా తియ్యలేదు.

"మీకు దణ్ణం పెడతాను, రెండు ముద్దలు తినండి. తర్వాత నోరు కడుక్కోవచ్చు."

"నీ చాదస్తం ఇక్కడిక్కూడా తెచ్చావా? పోవే!"

"పోతాను. మీ చావు మీరు చావండి!" అని తలుపు ధడాలున వేసి వచ్చేసింది. అన్నందుకు దారంతా నాలుక కరుచుకుంది. కానీ వెనక్కి వెళ్లడానికి మనసొప్పలేదు.

తర్వాత ఆయన చేతులు వణికాయి, చొక్కా తడిసి ముద్దయింది, నోటికొచ్చినట్టు కేకలేశాడు. ఎవరైనా పట్టించుకుంటేగా! కిటికీలోంచి చూసినవాడల్లా "ఇవాళ ఛీ మాస్టర్‌కి పూనకం వచ్చిందిరోయ్" అని తప్పుకున్నాడు. రోజూ అరిచేవాడు అరిస్తే జబ్బని ఎవడనుకుంటాడు?

చివరికి ఓవెన్ కదిలింది. మొదటి ట్రే బొగ్గులా మాడింది. ఎంత మాడినా మొదటి ట్రే మాస్టర్‌కి చూపించాల్సిందే. పిండి కలిపేవాడు దేవుడికి దణ్ణం పెట్టుకుని లోపలికెళ్లాడు. మరుక్షణం ఎగురుకుంటూ ప్యాకింగ్‌లోకి వచ్చాడు.

"వదినా! అన్న బాగుందన్నాడు! మాడిపోయినదాన్ని బ్రహ్మాండం అన్నాడు, ప్యాక్ చేసెయ్యమన్నాడు!"

అందరూ పగలబడి నవ్వారు, చప్పట్లు కొట్టారు. ఆవిడకి మాత్రం పై ప్రాణాలు పైనే పోయాయి. చేతిలో అట్టపెట్టె వదిలేసి పరుగెత్తింది.

మాస్టర్ కుర్చీలో పక్కకి ఒరిగి ఉన్నాడు. ఆవిణ్ణి చూసి ఎంతో మర్యాదగా నవ్వాడు. "రండమ్మా, కూర్చోండి. ఈ బిస్కెట్టు తిన్నారా? ఎంత కమ్మగా ఉందో! మీరే చేశారా?" అని, ఇంకో ముక్క నమిలి, అలవాటుగా బేసిన్‌లో ఉమ్మేశాడు. చుట్టూ బస్తాలకి బస్తాలు చక్కెర పెట్టుకుని, ఈ మనిషి చక్కెర లేక పోతున్నాడు.

"చక్కెర! చక్కెర తెండర్రా!"

పిండి కలిపేవాడు క్రీము బిస్కెట్లు పట్టుకొచ్చాడు. "ఇవెందుకయ్యా, కొవ్వుంటే చక్కెర ఒంటికి పట్టడం ఆలస్యం! వట్టి చక్కెర నీళ్లలో కలిపి తే!"

తెచ్చాడు. మాస్టర్ ఒక గుక్క నోట్లోకి తీసుకుని, తల బేసిన్ వైపు తిప్పాడు. ఆవిడ ఆ బేసిన్‌ని కాలితో ఒక్క తన్ను తన్నింది. అది గోడకి కొట్టుకుని గింగిరాలు తిరిగింది.

"మింగండి! ఉమ్మింది చాలు, ఒక్కసారి మింగి చావండి!" అని అరుస్తూ ఏడ్చింది.

మింగాడు. ఇంకో గుక్కా మింగాడు. కాసేపటికి కళ్లలోకి వెలుగొచ్చింది, నుదురు ముడిపడింది. "ఛీ, ఎవరే కలిపింది? ఇంత తీపేంటి?"

తగ్గిపోయిందిగా, ఇంటికెళదామన్నాడు. మాత్రల పని ఇంకా అయిపోలేదు, మళ్లీ పడిపోవచ్చని ఆవిడ రెక్క పుచ్చుకుని ఆసుపత్రికి లాక్కెళ్లింది. డాక్టరమ్మ మంచమెక్కించి, ఇవాళంతా ఇక్కడే ఉండాలంది. "మెలకువలో ఉన్నారు కాబట్టి సరిపోయింది. స్పృహ తప్పితే నోట్లో ఏమీ పొయ్యకుండా నేరుగా ఇక్కడికే తేవాలమ్మా" అని ఆవిడకి విడిగా చెప్పింది.

సాయంత్రం ఆవిడ ఆ డబ్బా మూత తీసి ఆయన ముందు పెట్టింది. ఆయన మెల్లగా అడిగాడు. "ఆ మాడిన ట్రే నా దగ్గరికి తెచ్చినట్టు గుర్తే. నేనేమన్నానే?"

ఇన్నేళ్లు ఎదురుచూసిన మాట ఎట్టకేలకు ఆ నోట్లోంచి ఊడిపడింది. అదీ ఎవరో పరాయి ఆడమనిషితో అన్నట్టు, బొగ్గుముక్కని చూసి. ఆవిడకి నవ్వూ రాలేదు, ఏడుపూ రాలేదు.

"ఏమంటారు? ఎప్పట్లాగే ఛీ అన్నారు."

"మరి! మతి పోయినా నా నాలుక తప్పదే" అని మీసం దువ్వుకున్నాడు మాస్టర్.

"అవునండీ" అంది ఆవిడ, ఆయన మొహంకేసి చూడకుండా. "తినండి."