ఎర్రజుట్టు నర్సు కోసం మొక్కు

మధ్యాహ్నం మూడయ్యేసరికి యశోదమ్మ మల్లెమొగ్గల చేట ఒళ్లో పెట్టుకుని టీవీ ముందు కూర్చునేది. తిరుచానూరులో అమ్మవారి గుడి దగ్గర పూలమ్ముకునే మనిషి ఆమె. ఆ ఎండకు యాత్రికులంతా లాడ్జీల్లో పడి నిద్రపోతూ ఉంటారు, వీధి కూడా వాళ్లతో పాటు కునుకు తీస్తూ ఉంటుంది. ఆ వేళకు తెరమీద ఇంగ్లండు ఆస్పత్రి సీరియల్ వచ్చేది. అక్కడ ఎప్పుడు చూసినా వానే. నీలం లైటు తిప్పుకుంటూ అంబులెన్సు వచ్చి ఆగేది, రెండు తలుపులు వాటంతటవే తెరుచుకునేవి, స్ట్రెచరు లోపలికి పోయేది. దాని వెనకే యశోదమ్మ కూడా లోపలికి పోయేది.

ఇంగ్లీషు ఆమెకు ఒక్క ముక్క రాదు. అర్థం కాని సీరియల్ ఏం చూస్తావని పక్కింటివాళ్లు ఎగతాళి చేసేవాళ్లు. అర్థమయ్యే సీరియళ్లలో అత్తాకోడళ్లు తిట్టుకోవడం తప్ప ఏముందని ఆమె ఎదురు తిరిగేది. అసలు సంగతి మాత్రం ఎవరికీ చెప్పలేదు.

నాలుగేళ్ల కిందట భర్త కుప్పయ్యకు గుండెనొప్పి వస్తే తిరుపతిలో ఒక ఆస్పత్రికి తీసుకుపోయింది. ఎమర్జెన్సీ వార్డు తలుపులు ఆయన్ని లోపలికి తీసుకుని ఆమె ముఖం మీదే మూసుకున్నాయి. రెండు గంటల తర్వాత ఎవరో వచ్చి, లాభం లేకపోయిందమ్మా అన్నారు. లోపల ఏం జరిగిందో ఆమెకు తెలియదు. ఆయన ఎవరినైనా పిలిచాడేమో, పిలిస్తే ఎవరైనా పలికారో లేదో తెలియదు. తెలియకపోవడమే ఆమెకు పెద్ద బాధ. అలాంటి తలుపులు ఇప్పుడు రోజూ మూడింటికి తెరుచుకుంటున్నాయి.

లోపల ఒక ఎర్రజుట్టు నర్సు ఉండేది. ముక్కు నిండా మచ్చలు, నడిస్తే పరుగే. ఎవరిని తెచ్చి పడుకోబెట్టినా ముందు నుదుటి మీద చెయ్యి వేసి, వంగి ఏదో చెప్పేది. ఏం చెప్పేదో యశోదమ్మే అల్లుకునేది. ఏం కాదు నాయనా, నేనుండాను కదా, అంటోందని అనుకునేది. పూలు కడుతూ కడుతూ ఒక్కోసారి రెప్పలు వాలిపోయేవి. అప్పుడు స్ట్రెచరు మీద గళ్ల తువ్వాలు కప్పుకుని కుప్పయ్య ఉండేవాడు, ఆయన నుదుటి మీద ఆ పిల్ల చెయ్యి ఉండేది, కిటికీ అవతల వాన పడుతూ ఉండేది. మెలకువ వచ్చేసరికి మల్లెలు విచ్చుకుని ఇల్లంతా వాసన నిండి ఉండేది.

అలా ఎండాకాలం పోయి చలికాలం వచ్చింది. ఒకరోజు తలుపులు తెరుచుకుని స్ట్రెచరు వచ్చింది. దాని మీద ఎర్రజుట్టు. అందరూ పరిగెత్తారు. ఆ పిల్ల కళ్లు మూసుకునే ఉంది. అంతలోనే తెర నల్లబడి, ఎక్కడిదో ఏడుపులాంటి సంగీతం వచ్చి, పేర్లు పైకి పోవడం మొదలైంది.

యశోదమ్మ చేట పక్కకు తోసి రెండు చేతులూ జోడించింది. "సామీ, ఈ బిడ్డ కండ్లు తెరిస్తే నా తలనీలాలు నీకిస్తా."

టీవీలో మనిషికి మొక్కుకోవడమేమిటని నవ్వేవాళ్లు నవ్వుకోవచ్చు. కొండ కింద పుట్టి పెరిగినవాళ్లకు మొక్కు దగ్గులాంటిది, వచ్చాక ఆగదు. పైగా ఇదే మొక్కు ఆమె ఆ రోజు ఎమర్జెన్సీ వార్డు బయట కూడా మొక్కుకుంది. ఆయన బయటికి రాలేదు గనుక మొక్కు చెల్లించే పని పడలేదు. మిగిలిపోయిన ఆ జుట్టును నాలుగేళ్లుగా నూనె రాసి దువ్వుతూనే ఉంది, దువ్వినప్పుడల్లా దేవుడి మీద కోపం తెచ్చుకుంటూనే ఉంది.

మర్నాడు మూడింటికి ఆ చానల్ ఉండే చోట క్రికెట్ వచ్చింది. ఆ మర్నాడూ క్రికెట్టే. కేబుల్ నడిపే ధనంజయను పిలిపించింది.

"ఆ చానల్ ఎత్తేసినారత్తా. ఇంక రాదు," అన్నాడతను.

"ఆ ఎర్రజుట్టు పాప ఏమైంది నాయనా?"

ఆమె ముఖం చూసి అతనికి జాలేసింది. "ఏమైతాది, బతికింది. మద్రాసులో సూసినోళ్లు చెప్పినారులే."

ఆమె ముఖం వెలిగిపోయింది. "అయితే రేపే కొండకు పోతా. మొక్కు ఉండాది," అంది. ధనంజయ వైర్ల చుట్ట భుజాన వేసుకుని గబగబా వెళ్లిపోయాడు.

తెల్లవారేసరికి అలిపిరి దగ్గర కొండ సగం మంచులో ఉంది. ముందు నడిచేవాళ్లు నాలుగు మెట్లు ఎక్కగానే మాయమైపోతున్నారు, గోవిందనామాలు మాత్రం వినిపిస్తున్నాయి. యశోదమ్మకు కలలో నడుస్తున్నట్టే ఉంది. ఆ మంచులోంచే ఎర్రజుట్టు పిల్ల ఎదురొస్తుందనిపించింది. వెనకనుంచి రొప్పుతూ ధనంజయ వచ్చాడు.

"అత్తా, ఆగు. నేను అబద్ధం చెప్పినా. నువ్వు మొక్కనేసరికి నాకు భయమేసింది. రాత్రి నెట్ సెంటర్లో ఎతికిచ్చి సూసినా. ఆ పాప బతకలే."

యశోదమ్మ మెట్టు మీద కూర్చుండిపోయింది. "ఆ బిడ్డ దగ్గర ఎవురుండారంట?"

"పెద్ద డాక్టరు ఉండాడంట. కడదాకా చెయ్యి పట్టుకోనే ఉండాడంట."

"పట్టుకోనే ఉండాడా?"

"అవునత్తా. ఇది నిజమే."

ఆమె ఏడ్చింది. కుప్పయ్య పోయిన రోజు కూడా అలా ఏడవలేదు. ఎవరి కోసం ఏడుస్తోందో విడదీసి చూసుకోలేదు. ఎక్కేవాళ్లు పక్కకు తప్పుకుని ఎక్కుతున్నారు.

"లెయ్యి అత్తా, ఇంటికి పోదాం," అన్నాడు ధనంజయ. "అడిగింది జరగలే కదా. నువ్వు సామికి ఇయ్యాల్సింది ఏమీ లే."

"లేదబ్బా. రెండుతూర్లు అడిగినా. రెండుతూర్లూ కాదన్నాడు."

కళ్లు తుడుచుకుని, కొంగు నడుముకు దోపి పై మెట్టు మీద కాలు పెట్టింది.

"మళ్లా యాడికి?"

"పైకి. తలనీలాలు ఇచ్చేదానికి."

"ఏం తీరిందని అత్తా?"

"ఏమీ తీరలే. ఊరికే ఇచ్చేసి వస్తా. దీన్ని దువ్వీ దువ్వీ చేతులు నొస్తాండాయి నాయనా."